ఆదివారం ద్వాలిది

పాటల మిషిన్ కొన్నది ద్వాలి. కారు ద్వాలిది. స్టీరింగు తిప్పే చేతులు ద్వాలివి. ఆ కారులో ఏ పాట మోగాలో చెప్పే హక్కు మాత్రం వారంలో ఆరు రోజులూ వేరేవాళ్లది. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

మిషిన్ అంటే మరీ పెద్దదేం కాదు. గుప్పిట్లో ఇమిడిపోతుంది. సిగరెట్టు వెలిగించుకోవడానికని కారులో ఇచ్చే బొక్కలో దాన్ని గుచ్చితే నీలం రంగు అంకెలు వెలుగుతాయి. ఫోన్లో పెట్టిన పాటను అది గాలిలోకి వదులుతుంది. కారు రేడియో అదే అంకె మీద ఉంటే ఆ పాటను పట్టుకుంటుంది. ఒకరకంగా చిన్న రేడియో స్టేషనే, కాకపోతే పది బారల దూరం దాటితే దాని మాట ఎవరికీ వినపడదు. ద్వాలి కారు పాతది. దాని రేడియోకు క్యాసెట్లు మింగే నోరు తప్ప ఫోను తగిలించే దారే లేదు. ఆ నోట్లో కూడా పాత ఓనరు పిల్లలెవరో ఐస్‌ఫ్రూట్ పుల్లలు కుక్కి పెట్టారు. మిరపకాయలు అమ్ముకోవడానికి భర్త రాందాస్‌తో ఖమ్మం యార్డుకు పోయినప్పుడు బస్టాండు పక్క కొట్లో ఈ మిషిన్ కనపడింది. రాందాస్ వద్దంటూనే ఉన్నాడు, ద్వాలి కొంటూనే ఉంది.

ఆమెకు దాని అవసరం అట్లాంటిది. రోజూ పొద్దున తండా నుంచి ఖాళీ కారుతో బూర్గంపాడు సెంటర్‌కు పోతుంది. అక్కడ ముగ్గురు టీచర్లను ఎక్కించుకొని, మళ్లీ తమ తండా ముందు నుంచే అడవిలోకి, ఇప్పలగుంపు బడికి చేరుస్తుంది. సాయంత్రం బడి వదిలేదాకా అక్కడే కారులో కూర్చొని జాకెట్లకు అద్దాలు కుట్టుకుంటుంది, తర్వాత వాళ్లను దింపి ఇల్లు చేరుతుంది. బూర్గంపాడు దాటి నాలుగు కిలోమీటర్లు పోయేసరికి రేడియోలో స్టేషన్ గరగరమని చచ్చిపోయేది. ఆపైన ముప్పావు గంటసేపు ఇంజన్ చప్పుడు, పెద్ద మేడమ్ ఆవులింతలు. అంతే.

ఆదివారం నాడు వాకిట్లో కారు ఆపుకొని ద్వాలి మిషిన్‌ను పరీక్ష చేసింది. ఎనభై ఎనిమిది పాయింట్ మూడు మీద ఏ స్టేషనూ రాదని కొట్టు అతను చెప్పాడు. అత్త జమ్లి అరుగు మీద కూర్చొని జొన్నలు చెరుగుతోంది. ద్వాలి ఆమెను అత్తా అనదు. వాళ్ల భాషలో అమ్మను పిలిచినట్టు యాడీ అంటుంది.

"యాడీ, ఒక పాట పాడు. ఫోన్ల పట్టి చూస్త."

జమ్లికి రెండోసారి చెప్పే పని లేదు. చాట పక్కన పెట్టి, తల మీది ముసుగు సర్దుకొని గొంతు విప్పింది. తాతల నాటి పాట అది, ఎద్దుల మీద ఉప్పు మోసుకుంటూ ఊళ్లు తిరిగిన రోజులది. గుట్ట ఎక్కే దారిలో ఒక ఎద్దు మొండికేసి కూలబడుతుంది. దాన్ని లేపడానికి ఆడమనిషి చరణానికొకటి ఇస్తానని ఆశ పెడుతుంది. జొన్నరొట్టె పెడతానంటుంది. మెడలో గంట కడతానంటుంది. దేనికీ లేవకపోతే ఆఖరికి మొగుడి తలపాగా తీసి కొమ్ములకు చుడతానంటుంది. అప్పుడు లేస్తుంది ఎద్దు. ప్రతి చరణం చివరా "హోయ్" అని ఒక కేక ఉంటుంది. జమ్లి ఆ కేక పెడితే పక్కింటి కుక్క కూడా లేచి నిలబడింది.

ద్వాలి ఆ పాటను మిషిన్ మీదుగా వదిలింది. కారులో మోగింది. కారులోనే కాదు, గోడ మేకుకు వేలాడుతున్న జమ్లి రేడియోలోనూ మోగింది! ఆ రేడియో ముల్లును ముసలమ్మ పొద్దస్తమానం అటూ ఇటూ తిప్పుతూ పాటలు వెతుకుతుంటుంది. ఆ వేళకు అది సరిగ్గా ఆ అంకె దగ్గర ఆగి ఉంది.

జమ్లి తెరిచిన నోరు మూయలేదు. "ఓయమ్మో! నేను రేడియోల వచ్చిన!"

"రేడియోల గాదు యాడీ. ఈ మిషిన్ల నుంచి..."

వినిపించుకుంటే కదా! అప్పటికే రేడియో చంకన పెట్టుకొని పక్కింటి లాలి దగ్గరికి పరుగు తీసింది. పొద్దుగూకేలోగా తండాలో అందరికీ జమ్లి రేడియోలో వచ్చిన సంగతి తెలిసిపోయింది. ద్వాలి రెండుమూడు సార్లు సంగతి విడమర్చి చెప్పింది. ఆమెకు అర్థమైనట్టే ఉంది, కానీ ఆ సంబరం మాత్రం తగ్గలేదు.

"రేపు నీ సార్లకు, మేడమ్లకు నా పాట పెడ్తవు గద?" అని అడిగింది రొట్టె కాలుస్తూ.

"పెట్టకేం చేస్త యాడీ?" అంది ద్వాలి.

అంత తేలికనుకుంది పాపం.

సోమవారం పొద్దున ద్వాలి ముందుగా ఒక సినిమా పాట పెట్టగానే టీచర్లు ముగ్గురూ ఒక్కసారి లేచి కూర్చున్నారు. వెనక సీట్లో హెడ్మాస్టరమ్మ పద్మావతమ్మ, మధిర మనిషి, ఇంకో రెండేళ్లలో రిటైరు కావాల్సిన ఆవిడ. ఆమె పక్కన శ్రావణి, చండ్రుగొండ పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది. ముందు సీట్లో రవీందర్ సారు. కారు బూర్గంపాడు దాటిందో లేదో గొడవ మొదలైంది. సారుకు పాత సినిమా పాటలు కావాలి. పద్మావతమ్మకు పొద్దున్నే దేవుడి పాటలు కావాలి. శ్రావణికి కొత్తవి, కారు అద్దాలు అదిరేవి కావాలి. మూడు ఫోన్లూ ఒకేసారి మిషిన్‌కు కలపబోతే అది బిత్తరపోయి ఏ పాటా పాడకుండా ఊరుకుంది.

"ఇట్లయితే లాభం లేదు," అన్నాడు రవీందర్ సారు. "టైమ్ టేబుల్ వేద్దాం."

టీచర్లు కదా, టైమ్ టేబుల్ లేకుండా నీళ్లు కూడా తాగరు. సారు బ్యాగులోంచి తెల్ల కాగితం తీసి, అట్ట మీద పెట్టి, స్కేలు పెట్టి గీతలు కొట్టాడు. కారు ఊగుతున్నా ఒక్క గీత వంకర పోలేదు. సోమ, గురు పద్మావతమ్మ. మంగళ, శుక్ర రవీందర్. బుధ, శని శ్రావణి. అలవాటు చొప్పున ఏడు గళ్లు గీశాడు కాబట్టి ఒక గడి మిగిలింది.

ద్వాలి అద్దంలో చూస్తూ, "సార్, మరి నాకో వంతు?" అంది. నవ్వుతూనే అడిగింది, అడగడం మాత్రం నిజంగానే అడిగింది.

"నీకు లేకుంటే ఎట్ల? ఇగో, ఆదివారం మొత్తం నీదే!" అని సారు ఎర్ర పెన్నుతో ఆఖరి గడిలో 'ద్వాలి' అని రాశాడు. వెనక ఇద్దరూ నవ్వారు. ఆదివారం బడి ఉండదు, టీచర్లు ఉండరు, కారు తండాలో వేపచెట్టు కింద కోళ్లకు నీడనిస్తూ ఉంటుంది. ద్వాలి కూడా నవ్వింది. కాగితాన్ని డ్యాష్‌బోర్డు మీద టేపుతో అంటించింది కూడా ఆమే.

తండా ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఊరివాళ్లు తమకు తామే మట్టీ కంకరా పోసి కట్టుకున్నది, కారు పొట్ట తగిలేంత ఎత్తు. మనిషి నడకకన్నా నెమ్మదిగా ఎక్కించి దించాలి. ద్వాలి గేరు తగ్గించేసరికి రోడ్డు పక్క రాతి మీద జమ్లి కనపడింది. చుట్టూ నాలుగు మేకలు, ఒడిలో రేడియో. మేకలను ఈ పక్కకు తోలుకొచ్చింది కాబోలనుకుంది ద్వాలి. హారన్ కొట్టింది. జమ్లి చెయ్యి ఊపింది. కారులో పద్మావతమ్మ గారి దేవుడు మోగుతున్నాడు.

సాయంత్రం చెప్పులు విడవకముందే ప్రశ్న ఎదురైంది. "పెట్టినవా?"

లేదు అందామనే నోరు తెరిచింది ద్వాలి. ముసలమ్మ మొహం చూసింది. ఆ మొహం మీద లేదు అనడానికి రాయి గుండె కావాలి.

"పెట్టిన యాడీ."

"పెద్ద మేడమ్ ఏమన్నది?"

"మస్తున్నది అన్నది. ఇంత మంచి గొంతు ఎవరిది అని అడిగింది."

"అట్లనా," అంది జమ్లి. పొయ్యి మీది రొట్టె తిరగేసింది. "ఇంకేమన్నది?"

ఏం చేస్తుంది? ఇంకో రెండు మాటలు కల్పించి చెప్పింది. ఆ పూట ద్వాలికి ఒక రొట్టె ఎక్కువ పడింది. అబద్ధానికి దొరికిన రొట్టె, గొంతు దిగడానికి నీళ్లు తాగాల్సి వచ్చింది.

మంగళవారం ఆ అబద్ధాన్ని ఎట్లాగైనా నిజం చెయ్యాలని ద్వాలి గట్టిగా అనుకుంది. కారెక్కగానే రవీందర్ సారును మంచి చేసుకుంది, ఆయన సీటును ఇంకొంచెం వెనక్కి జరిపింది. "సార్, మా యాడి పాట ఒక్కటి పెడ్త. మూడు నిమిషాలే."

"అరె, ఇయ్యాల నా వంతు గద ద్వాలీ. నావి పదమూడు పాటలు వరుసగ పెట్టుకున్న. బడి గేటు కాడికి పోంగనే ఆఖరిది అయిపోతది, లెక్క కుదిరింది. మధ్యల నీది పెడితే ఒకటి మిగిలిపోతది." ఆయన ఏ కోపమూ లేకుండా, లెక్కల సారులాగా చెప్పాడు. "ఆదివారం ఉన్నది గద నీకు!"

మళ్లీ నవ్వులు. స్పీడ్ బ్రేకర్ దగ్గర జమ్లి, మేకలు, రేడియో. చెయ్యి ఊపడం.

"పెట్టినవా?"

"పెట్టిన. సారైతే చప్పట్లు కొట్టిండు."

"అట్లనా! ఏడ కొట్టిండు, తండా దాటినంకనా, దాటకముందా?"

"ఆఁ... దాటేటప్పుడే."

"ఓహో," అంది జమ్లి. ఆమె మొహాన ఒక నవ్వు వచ్చి పోయింది. సంతోషమే అనుకుంది ద్వాలి.

బుధవారం శ్రావణిది. ఈ పిల్లే నయం, అడగ్గానే ఒప్పుకుంది. "పెట్టక్కా, నాకూ వినాలనే ఉంది" అంటూ తన ఫోను తీసేసి ద్వాలి ఫోను కలిపింది. బూర్గంపాడు దాటాక మొదటి మూలమలుపు దగ్గర జమ్లి గొంతు కారంతా నిండింది. ద్వాలి వీపు నిటారు చేసి కూర్చుంది. మొదటి చరణం సగంలో ఉంది, ఎద్దుకు ఇంకా జొన్నరొట్టె కూడా అందలేదు.

"ఏంటమ్మాయ్ ఈ కేకలు?" అంది వెనక నుంచి పద్మావతమ్మ, కణతలు నొక్కుకుంటూ. "పొద్దున్నే తలనొప్పి. ఒక్క ముక్క అర్థమై చస్తే కదా! తీసెయ్."

"నా వంతు అక్కకి ఇచ్చాను మేడమ్," అంది శ్రావణి భయంభయంగా.

"అట్లా ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలుపెడితే రేపు బడిలో నా పీరియడ్ నువ్వు, నీ పీరియడ్ నేను అంటారు. టైమ్ టేబుల్ అంటే టైమ్ టేబులే. ఇవ్వాళ అందులో ద్వాలి పేరుందా? లేదు కదా."

శ్రావణి బొటనవేలు ఫోను మీద పడింది. జమ్లి గొంతు "హోయ్" అనబోతూ ఆగిపోయింది.

దింపేసి పోదామా ముగ్గుర్నీ ఈ టేకుచెట్ల మధ్యన అని ద్వాలికి అనిపించింది. నా బండి, నా మిషిన్, నా డీజిలు, వీళ్ల చెవులకు మా యాడి పాట ఒక్క నిమిషం పట్టలేదు! కళ్లలో నీళ్లు తిరిగాయి. రోడ్డు మసక బారితే కష్టమని కొంగుతో తుడుచుకొని గేరు మార్చింది. పద్మావతమ్మ చెడ్డ మనిషి కాదు. ద్వాలికి జ్వరమొచ్చినప్పుడు తన ఇంటి నుంచి కషాయం పంపింది కూడా. తనకు తెలియని పాట కూడా పాటేనని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు, అంతే. ఆ అంతే అన్నదే ద్వాలికి ఎక్కువ మండింది.

పోనీ పొద్దున ఖాళీ కారులో తానొక్కతే పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పెట్టుకోవచ్చు. కానీ అది దొంగచాటుగా అన్నం తిన్నట్టుంటుందని ద్వాలికి అనిపించింది. పాడిన మనిషి నలుగురూ వినాలని పాడింది.

ఇక అబద్ధాలు రోజుకు రోజుకు బలిశాయి. బుధవారం చిన్న మేడమ్ పాట మొత్తం కాగితం మీద రాసుకుంది. గురువారం పెద్ద మేడమ్ మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. శుక్రవారం సారు ఇంట్లో వాళ్లకు వినిపించాలని పాటను తన ఫోన్లోకి పంపమన్నాడు. జమ్లి పొయ్యి ముందు గొంతుక్కూర్చొని, గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, కథ విన్నట్టు అంతా వినేది. "ఇంకా?" అనేది. ద్వాలి చెమటలు తుడుచుకుంటూ ఇంకొంచెం కల్పించేది.

శుక్రవారం అంతా విన్నాక జమ్లి తీరిగ్గా బాంబు వేసింది.

"సోమవారం నీతోని నేను గూడ బూర్గంపాడు వస్త. చిన్న పనున్నది. తిరిగొచ్చేటప్పుడు ఆ పెద్ద మేడమ్ పక్కన కూసుంట. నా పాట అంత మెచ్చుకున్న మనిషి, ఒకసారి మాట్లాడాలె గద."

ద్వాలి చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. సోమవారం వెనక సీట్లో ఈమె, ఆమె పక్కపక్కనే. నా పాట ఎట్లున్నది మేడమ్ అని ఈమె. ఏం పాట అని ఆమె. ఆ తర్వాత యాడి మొహం ఎట్లా ఉంటుందో తలచుకొని ద్వాలి రొట్టె ముక్కను తిరిగి కంచంలో పెట్టేసింది.

శనివారం సాయంత్రం టీచర్లను బూర్గంపాడులో దింపుతుంటే రవీందర్ సారు నీరసంగా చెప్పాడు. "రేపు గూడ రావాలె ద్వాలీ. ఓటర్ల లిస్టు పని. ఆర్డరొచ్చింది. పొద్దటి నుంచి బడిల కూసోవాలె."

"ఆదివారం పూట కూడా వదలరు," అని పద్మావతమ్మ సణిగింది.

"రేపా సార్?" అంది ద్వాలి. "ఆదివారమా?"

"అవ్. ఏంది, పనున్నదా?"

"ఏం లేదు సార్. వస్త. ఇంక జల్దీ వస్త."

ఆ గొంతులో అంత హుషారు ఎందుకో ముగ్గురికీ అర్థం కాలేదు. సెలవు పోయిందని ఏడవాల్సిన మనిషి ఈల వేసుకుంటూ బండి తిప్పుకొని పోయింది.

ఆదివారం పొద్దున ద్వాలి కారు కడిగింది. డ్యాష్‌బోర్డు మీది కాగితాన్ని తడిగుడ్డ తగలకుండా చుట్టూ తుడిచింది. జమ్లికి మాత్రం ఏమీ చెప్పలేదు. రోజూ పెడుతున్నానని చెప్పినదాన్ని ఇవాళ కొత్తగా ఏమని చెబుతుంది?

బూర్గంపాడులో ముగ్గురూ ఎక్కారు. పద్మావతమ్మ కూర్చోగానే బ్యాగులోంచి ఫోను తీసి ముందుకు చాపింది. "ఇవ్వాళ ఎవరి వంతూ కాదు కాబట్టి నాది పెట్టమ్మా. ఆదివారం సూర్యుడి స్తోత్రం వింటే మంచిది."

ద్వాలి ఫోను అందుకోలేదు. ఇంజన్ కూడా స్టార్ట్ చెయ్యలేదు. చూపుడువేలితో కాగితం మీద ఆఖరి గడిని తట్టింది.

"ఇయ్యాల వంతు ఉన్నది మేడమ్."

ముగ్గురూ ముందుకు వంగి చూశారు. ఎర్ర సిరాతో, సారు ముత్యాల్లాంటి అక్షరాలతో, 'ద్వాలి'.

"అరె, అది నేను నవ్వులాటకు..." అన్నాడు రవీందర్ సారు.

"రాసింది మీరే గద సార్. స్కేలు పెట్టి మరీ గీస్తిరి." ద్వాలి అద్దంలోంచి వెనక్కి చూసింది. "టైమ్ టేబుల్ అంటే టైమ్ టేబులే గద మేడమ్?"

శ్రావణి నవ్వాపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. పద్మావతమ్మ చాపిన ఫోను అట్లాగే కాసేపు గాల్లో ఉంది. తర్వాత మెల్లగా బ్యాగులోకి వెళ్లిపోయింది.

"సరే. రూలు రూలే," అంది ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ.

కారు కదిలింది. స్టేషన్ వినపడే దూరం దాటాక, మొదటి మూలమలుపు దగ్గర ద్వాలి పాట పెట్టింది. జొన్నరొట్టె వచ్చింది. "హోయ్" అన్నది జమ్లి గొంతు. ఎవరూ తీసెయ్యమనలేదు. ఎవరూ బాగుందనీ అనలేదు. గంట వచ్చింది. శ్రావణి ఆగలేకపోయింది.

"అక్కా, ఎవర్ని ఇంతగనం బతిమాలుతుంది?"

"ఎద్దును."

"ఎద్దునా!"

ద్వాలి చెప్పింది. గుట్ట, ఉప్పు బస్తాలు, మొండి ఎద్దు, రొట్టె, గంట. మొగుడి తలపాగా దగ్గరికి వచ్చేసరికి రవీందర్ సారు పగలబడి నవ్వాడు. "తలపాగకు లేసిందా? వారీ! మా ఇంట్ల గూడ నా చొక్కాలు ఇట్లనే పోతయి." వెనక నుంచి చిన్న శబ్దం వచ్చింది. పద్మావతమ్మ కూడా నవ్వింది, దగ్గినట్టు నటిస్తూ.

"మళ్లీ పెట్టక్కా. ఆ హోయ్ అనే దగ్గర నేను కూడా అంటా," అంది శ్రావణి.

రెండోసారి శ్రావణి హోయ్ అంది. సారు ఒక అర క్షణం ఆలస్యంగా హోయ్ అన్నాడు. పాట రెండో చరణంలో ఉండగా కారు తండా దగ్గరికి వచ్చింది. ద్వాలి గేరు తగ్గించింది. ఆదివారమే అయినా రాతి మీద జమ్లి ఉంది. మేకలు ఉన్నాయి. ఒడిలో రేడియో ఉంది.

కారు ముందు చక్రాలు స్పీడ్ బ్రేకర్ ఎక్కాయో లేదో, జమ్లి ఒళ్లో నుంచి జమ్లి గొంతే "హోయ్" అన్నది.

ముసలమ్మ ఒక్క ఊపున లేచింది. రేడియోను రెండు చేతులా పైకెత్తి పట్టుకొని, మేకలను తోసుకుంటూ కారుకు అడ్డం వచ్చింది. "వచ్చింది! ఇయ్యాల వచ్చిందే ద్వాలీ! ఇయ్యాల వచ్చింది!"

ద్వాలి బ్రేకు మీద కాలు వేసింది. ఇంజన్ గుర్రుమని ఆగిపోయింది, పాట ఆగలేదు. ఇయ్యాల వచ్చింది అంటే? ఆ మాట బుర్రలోకి దిగడానికి కొంతసేపు పట్టింది. దిగాక చెవులు వేడెక్కాయి. పది బారల దూరం. వాకిట్లో మోగిన రేడియో. రోజూ ఇదే రాయి, ఇదే రేడియో. మేకల కోసం కాదు.

"యాడీ... నువ్వు రోజూ వింటున్నవా?"

"ముల్లు ఆ రోజు ఏడున్నదో ఆడనే దారం కట్టి పెట్టిన. కదలనిస్తనా?" అంది జమ్లి కిటికీ దగ్గరికి వచ్చి. నిజంగానే రేడియో బిరడాకు ఎర్ర దారం చుట్టి ఉంది. "సోమవారం దేవుని పాట వచ్చింది. మంగళవారం ముక్కుతోని పాడే మొగాయన. బుధవారం డమడమ ఒకటే దరువు, మేకలు బెదిరినయి. మల్ల దేవుడు, మల్ల ముక్కాయన, మల్ల దరువు. నాది రానేలేదు."

కారులో ముగ్గురి మొహాలూ వంతులవారీగా పాలిపోయాయి.

"మరి అడగవైతివి ఎందుకు?" ద్వాలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "రోజూ గన్ని అబద్ధాలు చెప్తుంటే!"

"ఏమడగాలె? నువ్వు గంత మంచిగ చెప్తుంటివి. మేడమ్ అట్లన్నది, సారు చప్పట్లు కొట్టిండు అని. అది గూడ పాట లెక్కనే ఉండె. మధ్యల ఆపబుద్ధి కాలే." జమ్లి కోడలి చెంప మీద చిన్నగా తట్టింది. "ఎట్లాగైనా ఒకనాడు పెడ్తవని ఎరికే."

పాట అయిపోయింది. రేడియోలోనూ కారులోనూ ఒకేసారి నిశ్శబ్దం. ద్వాలికి వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. జమ్లి మాత్రం తల కిటికీలోంచి లోపలికి దూర్చి వెనక సీటును పరిశీలించింది.

"దేవుని పాట ఎవరిది?"

"నాదేనమ్మా," అంది పద్మావతమ్మ. బడిలో ఎంతమంది ఆఫీసర్లు వచ్చినా తడబడని గొంతు తడబడింది.

"మంచిగున్నదమ్మా నీ పాట," అంది జమ్లి. "కానీ నాకు ఇంతే వినపడ్తది. బండి ఈ బ్రేకర్ ఎక్కేటప్పుడు షురూ అయితది, దిగంగనే ఆగిపోతది. సోమవారం గంతే, గురువారం గంతే. ఆ పాడేటాయన ఎవర్నో పిలుస్తుండు, పిలుస్తుండు, ఆ పిలిచినోళ్లు వచ్చిన్రో లేదో తెల్వది. వారమంత అదే ఆలోచన. రేపు నీ వంతే గద? కొంచెం నిమ్మలంగ పోనియ్యమని నా కోడలికి చెప్పు. మిగిలిన సగం వింట."

పద్మావతమ్మ ఒళ్లోని బ్యాగు జిప్పు ఒకసారి తీసింది, ఒకసారి వేసింది. బుధవారం ఇదే సీట్లో కూర్చొని ఈ ముసలమ్మ పాటను సగంలో ఆపించింది తానే. అది ఆమెకు గుర్తొచ్చిందని అద్దంలో ఆమె కళ్లు చూసిన ద్వాలికి తెలిసింది. ఆవిడ తలుపు తీసుకొని కిందికి దిగింది. చీర కుచ్చిళ్లు మట్టిలో పడకుండా పట్టుకొని, ముందు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ద్వాలీ," అంది మెల్లగా. "ఇవ్వాళ వంతు నీది. నువ్వు ఒప్పుకుంటే, ఆ దేవుడి పాట మొదటి నుంచీ చివరిదాకా ఒక్కసారి పెట్టుకోనా? ఆమె వింటుంది."

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎవరినీ అనుమతి అడగని మనిషి అడిగింది. ద్వాలి కాగితం వైపు చూసింది. ఎర్ర అక్షరాల వైపు చూసింది. కాస్త ఆలోచిస్తున్నట్టు గడ్డం గోక్కుంది కూడా. మరి వారం రోజులు పడ్డ కష్టం, ఆ మాత్రం దర్జా చూపించవద్దూ?

"పెట్టండి మేడమ్. కానీ బడికి లేటయితది."

"అవనీ. హెడ్మాస్టర్ని నేనే కదా," అంది పద్మావతమ్మ.

ఆవిడ ఫోను మిషిన్‌కు కలిసింది. రవీందర్ సారు దిగి ఒక మేకను రోడ్డు మీంచి పక్కకు తోలాడు. శ్రావణి రాతి మీద జమ్లికి చోటిచ్చి తానూ కూర్చుంది. ద్వాలి వాల్యూం పెంచింది. నాలుగు తలుపులూ తెరిచి ఉన్న కారు అడవంతా వినపడేట్టు మోగుతోంది, అయినా జమ్లి మాత్రం ఎర్ర దారం కట్టిన రేడియోను చెవికి ఆనించుకొని, కళ్లు మూసుకొని, పాట ఆఖరిదాకా అందులోనే విన్నది.